పంపులో లేని తీగ

దయ్యాల ముచ్చట ఎవరైనా మొదలుపెడితే లేచి టీ తాగడానికి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. గద్వాలలో బండ్లు బాగుచేసి బతికినవాణ్ణి. బీచుపల్లి వంతెన మీద తెల్లచీర కనిపించిందని లారీ డ్రైవర్లు చెబితే, “ఆ పొద్దు ఎంత తాగినవ్?” అని అడిగేవాణ్ణి. బండి ముందు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడదీసి ఉంటే ముందు వాటిని తెంపి పక్కన పెట్టి, ఆ తర్వాతే బానెట్ ఎత్తేవాణ్ణి.

అందుకే ఇది చెప్పడం నాకే ఇబ్బందిగా ఉంది. ఇందులో దయ్యం లేదు, అర్ధరాత్రి లేదు. పట్టపగలు జరిగింది. ఒక పాత కారు, అందులో పెట్రోలు లాగే పంపు, ఆ పంపులో ఉండాల్సిన వేలెడు పొడవైనా లేని ఒక తీగ. అంతే. నేను చూసింది చూసినట్టు చెబుతాను, మీకు ఏమైనా తోస్తే మంచిదే.

నేను పని నేర్చుకున్నది నాగర్‌కర్నూల్‌లో. మా ఉస్తాద్ మొదటి రోజే నన్ను నిలబెట్టి ఒక మాట చెప్పాడు. “బండి ఆగిందంటె రెండే కారణాలు బేటా. పెట్రోల్ రాలె, లేకుంటె కరెంట్ రాలె. మూడోది ఉన్నదని ఎవడన్న చెప్తె, వానికి పని రాదన్నట్టు.” ఆ మాట పట్టుకునే నేను ఇన్నేళ్లు బతికాను. దానితో నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు, ఒక్కసారి తప్ప.

మాది నేత కుటుంబం. నాయిన పట్టుచీరలు నేసేవాడు. అమ్మ కండెలు చుట్టేది, జరీ సర్దేది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని రోజంతా కూర్చోవడం నా వల్ల కాలేదు. చిన్నప్పటి నుంచీ నాకు ఇనుము మీదే పిచ్చి. నాయిన కొన్నాళ్లు తిట్టి ఊరుకున్నాడు. మా వీధి మలుపు తిరిగితే పెద్ద రోడ్డు, ఆ రోడ్డు మీదే నా షాపు. ఇంటి నుంచి కేకేస్తే వినపడేంత దూరం.

ఎనభైల చివర్లో మా వైపు ఇంకా కొన్ని పాత ఇంగ్లీషు కార్లు ఉండేవి. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో ఉన్న కొన్ని పాత ఇళ్ల వాళ్లు వాటిని అమ్ముకోలేక, నడపలేక పెట్టుకునేవాళ్లు. వాటిలో పెట్రోలు లాగడానికి కరెంటు పంపు ఉండేది. చెంబు అంత ఉంటుంది, ఇంజను పక్కనే బిగించి ఉంటుంది. తాళంచెవి తిప్పగానే టిక్ టిక్ టిక్ అని కొట్టుకుంటూ వెనక ట్యాంకిలోంచి పెట్రోలు లాగుతుంది. కార్బురేటర్ గిన్నె నిండగానే ఊరుకుంటుంది. ఇంజను నడుస్తున్నంతసేపూ మళ్లీ కొట్టుకుంటూనే ఉంటుంది. అలవాటైన వాళ్లు ఆ చప్పుడు వింటూనే బండి బాగోగులు చెప్పేస్తారు.

ఆ పంపు తల మీద నల్లటి టోపీ ఒకటి ఉంటుంది. దాని కింద రెండు పాయింట్లు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. అక్కడే ఒక చిన్న అల్లిక తీగ, కదిలే ముక్క నుంచి పంపు ఒంటికి కరెంటు దారి. అది మెత్తగా ఉండాలి, లేదంటే ముక్క కదలదు. రోజూ వేలసార్లు ఊగి ఊగి అదే ముందు తెగిపోతుంది. తెగితే పంపు మూగబోతుంది. అలాంటి తీగ హైదరాబాదులో కూడా దొరికేది కాదు, పంపు మొత్తం మార్చమనేవాళ్లు. పంపు అంతకన్నా దొరికేది కాదు.

దీనికి నేను ఒక ఉపాయం కనిపెట్టాను. గద్వాలలో తప్ప ఇంకెక్కడా ఎవరూ చేసి ఉండరు. అసలైన జరీ అంటే పట్టు దారం మీద చుట్టిన సన్నటి వెండి, దాని మీద బంగారు పూత. వెండిలో కరెంటు మా బాగా పారుతుంది. మగ్గం దగ్గర మిగిలిన జరీ ముక్కల్ని అమ్మ ఒక డబ్బాలో దాచేది. వాటిలోంచి కొన్ని పోగులు తీసి, తొడ మీద అరచేత్తో పేని, రెండు చివర్లా ముడి వేసి పంటితో తెంపి ఇచ్చేది. ఆ ముడి లేకపోతే పోగులు విడిపోయి స్క్రూ కింద నిలవవు. నేను పేనితే మూడు రోజుల్లో తెగేది. అమ్మ పేనిన తీగ ఏళ్ల తరబడి పనిచేసేది. నా చేతికి ఆ నేర్పు రాలేదు, ఒప్పుకోవాల్సిందే.

వనపర్తిలో ఒక వకీలు ఉండేవాడు. ఊరంతా వకీలు సాబ్ అనేవాళ్లు. ఆయనది నల్ల కారు. అది దారిలో ఆగిపోతే ఎవరో లాగించుకొచ్చి నా షాపులో వదిలి వెళ్లారు. చూస్తే పంపు తీగ తెగింది. పాయింట్లు గీకి శుభ్రం చేశాను, లోపల పెట్రోలు లాగే రబ్బరు పొర, అదే డయాఫ్రం, మార్చాను, పంపును దాని చోట బిగించి పైపులు కూడా కలిపాను. ఇక మిగిలింది తీగ ఒక్కటే. తెగిన పాత తీగను కొలతకు పట్టుకొని ఇంటికి వెళ్లాను.

ఆ రోజు అమావాస్య. అమావాస్యకు మా ఇళ్లల్లో మగ్గం ముట్టరు. వీధి వీధంతా చప్పుడు లేకుండా ఉంటుంది. నాకు ఆ సంగతి గుర్తే లేదు.

“ఇయ్యాల అమాస గద బిడ్డా, జరీ ముట్ట. రేపు పొద్దుగాల పేనిస్త తీ,” అంది అమ్మ.

“చీరకు అమాస గాని, పంపుకు అమాస ఏందమ్మా?”

“జరీ జరీనే కదరా. చీరల వడ్తదా, పంపుల వడ్తదా దానికేం తెల్సు?”

వకీలు సాబ్‌కు మరుసటి రోజు కారు కావాలి, ఎక్కడో కోర్టు పని ఉంది. ఆ మాట చెప్పి, నా చాదస్తం నాది, నీ చాదస్తం నీది అని గొణుక్కుంటూ కొలత తీగను ఆమె రాట్నం మీద పెట్టి వచ్చేశాను. షాపుకొచ్చి, దుమ్ము పడకుండా పంపు మీద నల్ల టోపీ పెట్టి, బానెట్ దించి, వేరే ట్రాక్టరు పనిలో పడ్డాను. లోపల తీగ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేనే మర్చిపోయాను.

మధ్యాహ్నం భోజనాల వేళ పక్కింటి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. “మీ అమ్మ గడపల వడ్డదిరా కొడుకా! మాట్లాడ్తలేదు!”

వెళ్లి చూస్తే అమ్మ గడప మీద పక్కకు ఒరిగి ఉంది. కాళ్లకు చెప్పులున్నాయి, ఎక్కడికో బయలుదేరినట్టు. మూతి ఒక పక్కకు వంకర పోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ చూపు నిలవడం లేదు. ఎడమ చెయ్యి గడపను తడుముతోంది, కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుపోయింది. వీధిలో సూదులేసే ఆయన వచ్చి బీపీ చూశాడు. ఆయన మొహం మారిపోయింది. “తలకు ఎక్కింది. ఈడ వెట్టుకుంటే దక్కదు. తొందరగ తోల్కపోండ్రి” అన్నాడు.

మా అక్క వనపర్తిలో ఒక దవాఖానలో నర్సు. అక్కడ మంచి డాక్టరున్నాడని మాకు తెలుసు. ఎక్కడికి తీసుకెళ్లాలో ఆలోచించే పనే లేదు. వెళ్లడానికే ఏమీ లేదు. ఆ రోజు పెబ్బేరు సంత. ఊళ్లో ఉన్న జీపులన్నీ ఎడ్ల బేరగాళ్లను ఎక్కించుకొని పోయాయి. బస్సు కోసం ఎదురుచూసే టైం కాదు. నా కళ్ల ముందున్న బండి వకీలు సాబ్ నల్ల కారు ఒక్కటే.

నాయిన వెనక సీట్లో కూర్చొని అమ్మ తల ఒళ్లో పెట్టుకున్నాడు. నేను తాళంచెవి తిప్పాను. టిక్ టిక్ టిక్ టిక్ అని పంపు కొట్టుకుంది. గిన్నె నిండి ఆగింది. ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది. నాకు వింతగా అనిపించలేదు. పనిచేసే వస్తువును ఎందుకు పనిచేస్తున్నావని ఎవరడుగుతారు? నా ధ్యాసంతా వెనక సీటు మీదే ఉంది.

ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, ఎక్కడా కారు ఒక్క క్షణం తడబడలేదు. పెబ్బేరు దగ్గర ఎడ్లు రోడ్డు నిండా అడ్డం. హారన్ కొడుతూ, తిడుతూ, అడుగులో అడుగు వేసుకుంటూ పోయాను. అప్పుడు పంపు చప్పుడు స్పష్టంగా వినిపించింది. నెమ్మదిగా, ఆగి ఆగి కొట్టుకుంటోంది, సరిగ్గా ఎలా కొట్టుకోవాలో అలా. వెనక నుంచి నాయిన గొంతు వినిపించింది. “దీని చెయ్యి అదురుతున్నదిరా. జర తొందరగ పోనియ్.”

అమ్మ పోతోందనుకున్నాను. ఎడ్లవాడితో నేనేం మాట్లాడానో గుర్తులేదు, వాడు మాత్రం దారిచ్చాడు.

దవాఖాన ముందు కారు ఆపి, ఇంజను కూడా ఆపకుండా, అమ్మను చేతుల మీద లోపలికి మోసుకెళ్లాను. అక్క డ్యూటీలోనే ఉంది. అమ్మను చూసి ఒక్కసారి చేత్తో నోరు మూసుకుంది, అంతే, వెంటనే పనిలో పడింది. సూది ఎక్కించడానికి కుడి చెయ్యి పట్టుకుంది. పిడికిలి విడిపోవడం లేదు. ఒక్కొక్క వేలే విప్పి, లోపలున్నదేదో తీసి పక్కన ట్రేలో వేసింది. ఆ కాసేపటికే బయట ఇంజను దగ్గి, దగ్గి, ఆగిపోవడం కిటికీలోంచి వినిపించింది. పోనీలే అనుకున్నాను.

సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి ప్రాణానికి భయం లేదన్నాడు. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణి అని కూడా అన్నాడు. నాయిన అక్కడే గోడకు ఆనుకొని కూలబడ్డాడు. నేను కారును వకీలు సాబ్ ఇంట్లో అప్పజెప్పి, జరిగింది చెప్పి క్షమించమని అడుగుదామని బయటికొచ్చాను.

తాళంచెవి తిప్పితే చప్పుడు లేదు. ఇంకోసారి తిప్పాను. లేదు. స్పానరు పిడితో పంపు మీద రెండు దెబ్బలు వేశాను, దానికి అది మామూలు మందే. కదల్లేదు. టోపీ విప్పి చూశాను.

తీగ లేదు. పొద్దున నేను విప్పి పెట్టిన స్క్రూలు రెండూ నేను వదిలేసినట్టే వదులుగా ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది అసలు నేను తీగ వేయనేలేదని. గద్వాల నుంచి వనపర్తి దాకా, ఎడ్లలో ఆగుతూ ఆగుతూ, ఆ కారు దేని మీద నడిచింది? గిన్నెలో నిలిచే పెట్రోలు మా ఊరి పొలిమేర దాటడానికి కూడా చాలదు. ట్యాంకి ఏమో వెనక, ఇంజను కంటే కింద. పంపు లాగితే తప్ప చుక్క పైకి రాదు. పైగా పంపు చప్పుడు నేను చెవులారా విన్నాను.

స్క్రూలను వేలితో తడిమి మళ్లీ చూశాను. అక్క బయటికొచ్చి ట్రే చూపించింది.

“తమ్మీ, అమ్మ చేతిల ఇవి ఉండె. ఏందివి?”

రెండు తీగలు. ఒకటి పొద్దున నేను కొలతకిచ్చిన తెగిన పాత తీగ. రెండోది కొత్తగా పేనిన జరీ తీగ, సరిగ్గా అంత పొడవే. ఒక చివర ముడి ఉంది. రెండో చివర లేదు.

అమ్మ నా షాపుకే బయలుదేరిందని అప్పుడు అర్థమైంది. ఒకవైపు ముడి వేసి, రెండో ముడి దారిలో వేసుకుందామనుకుందో, లేక అప్పటికే చేతులు తిమ్మిరెక్కాయో. లోపలికెళ్లి చూపిస్తే నాయిన ఆ తీగను చేతిలోకి తీసుకున్నాడు. “నన్ను చేసుకున్న సంది అమాసకు జరీ ముట్టలె అది,” అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అక్క నన్ను వరండా చివరికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

వకీలు సాబ్ మంచి మనిషి. కారు అడక్కుండా తీసుకెళ్లినందుకు ఒక్క మాట అనలేదు. కానీ పంపు సంగతి చెప్పగానే నన్ను బోనులో నిలబెట్టినట్టే నిలబెట్టాడు. తీగ వేయలేదని నువ్వు చెబుతున్నావు, వేసి మర్చిపోయావేమో అన్నాడు. వేయడానికి నా దగ్గర ఇంకో తీగ లేదన్నాను. దవాఖాన ముందు కారు ఒంటరిగా ఉంది కదా, ఎవరైనా విప్పుకుపోయారేమో అన్నాడు. పంపు టోపీ విప్పి లోపలి తీగ ఒక్కటే దొంగిలించి, మళ్లీ టోపీ బిగించి పోయే దొంగ వనపర్తిలో ఉంటే చూపించమన్నాను. ఆయనకూ నవ్వొచ్చింది.

తర్వాత ఆయన హైదరాబాదులో ఎవరినో అడిగి వచ్చాడు. తీగ లేకపోయినా ఒక్కోసారి లోపలి కడ్డీ ద్వారా కరెంటు పోవచ్చట. నేనూ ఆ మాట కొట్టిపారేయలేదు. అది తెలివైన మాటే. సరే పదండి చూద్దాం అని ఆయన ముందే తాళంచెవి తిప్పాను. ఒక్కసారి టిక్ అని ఊరుకుంది. మళ్లీ మళ్లీ చేశాం. పాయింట్లు సర్ది చేశాం, బ్యాటరీ మార్చి చేశాం. ఒక్క టిక్కు, అంతే, అది కూడా ఒక్కోసారి. కారు వీధి చివరి దాకా కూడా పోలేదు.

“ఈ కేసు నేను కొట్టేస్తున్న” అని వకీలు సాబ్ చేతులు దులుపుకున్నాడు. “సాక్ష్యం మస్తున్నది గాని, దేనికి సాక్ష్యమో తెల్వదు.”

నాగర్‌కర్నూల్ వెళ్లి ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన అప్పటికి పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. అంతా విని, “నేను ఆగిన బండి గురించి చెప్పిన గని, నడిచిన బండి గురించి నీకేమన్న చెప్పిన్నా?” అన్నాడు. చాయ్ తాగి వచ్చేశాను.

ఇంకో సంగతి ఉంది. ఇది నేను చూసింది కాదు, నాయిన చెప్పింది. చాలా రోజుల తర్వాత, అమ్మ ఇంటికి వచ్చేశాక, అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి చెప్పాడు. ఆ రోజు కారులో అమ్మ చెయ్యి అదిరింది కదా, అది ఊరికే అదరడం కాదట. పంపు టిక్ అన్నప్పుడల్లా పిడికిలి ఒకసారి బిగిసిందట. పంపు ఆగితే పిడికిలి ఆగేదట. నాయిన కథలు చెప్పే మనిషి కాదు. పక్కింటి మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె చప్పుడు లయ తప్పితే మా ఇంట్లోంచే గుర్తుపట్టేవాడు. డాక్టరును అడిగితే, అలాంటి జబ్బులో కండరాలు అదరడం మామూలే అన్నాడు. అయి ఉండొచ్చు. కండరాల సంగతి నాకు తెలియదు.

అమ్మ ఆ తర్వాత కొన్నేళ్లు బతికింది. మాట రాలేదు. మనం చెప్పింది అర్థమయ్యేది, కానీ తను చెప్పలేకపోయేది. కుడి చెయ్యి మళ్లీ పూర్తిగా విచ్చుకోలేదు. ఎడమ చేత్తోనే తినడం నేర్చుకుంది.

వకీలు సాబ్ కారును మళ్లీ గద్వాలకు లాగించుకొచ్చాను, అమ్మ లేచి కూర్చునేదాకా అది నా షాపులోనే పడి ఉంది. తీగ నా దగ్గరే ఉంది, కానీ వేయడానికి చెయ్యి రాలేదు. ఒక పొద్దున అమ్మను షాపు ముందు నీడలో మంచం మీద కూర్చోబెట్టి, ఆ తీగ తెచ్చి ఆమె ముందు పెట్టాను. అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, “ఇది యాదికుందా అమ్మా?” అని మాత్రం అడిగాను.

ఆమె ఎడమ చేత్తో తీసుకొని వెలుగులో తిప్పి తిప్పి చూసింది. ముడి లేని చివర కనబడగానే మొహం చిట్లించింది, పని చెడగొట్టినప్పుడు నన్ను చూసి చిట్లించినట్టే. తీగ ఒక కొసను పంటి కింద బిగించి, ఎడమ చేతి వేళ్లతో తిప్పలు పడి పడి ముడి వేసింది. నేను సాయం పట్టబోతే చెయ్యి తోసేసింది. ముడి బిగించి, మిగిలిన పోగు పంటితో తెంపి ఊసేసి, తీగను నా అరచేతిలో పెట్టి, కారు వైపు నా చేతిని నెట్టింది.

వేశాను. స్క్రూలు బిగించాను. తాళంచెవి తిప్పాను. పంపు టిక్ టిక్ టిక్ అని ఎత్తుకుంది, ఏమీ జరగనట్టు. ఆ తీగ ఎన్నేళ్లు పనిచేసిందో నేను లెక్కపెట్టలేదు. నా చేతుల్లో ఉన్నన్నాళ్లు ఆ కారుకు మళ్లీ తీగ మార్చలేదు.

నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఉస్తాద్ చెప్పిన రెండు కారణాలూ తిరగేసి చూసుకున్నాను. కరెంటుకు దారి లేదు, అయినా పెట్రోలు వచ్చింది. ఇంతకు మించి నాకు తెలియదు.

కానీ పంపు ఎత్తుకున్న ఆ క్షణంలో నేను కారు వైపు చూడలేదు. అమ్మ కుడి చేతి వైపు చూశాను. అది ఆమె ఒళ్లో, ముడుచుకున్న వేళ్లతో ఉంది. కదులుతోందో లేదో తేల్చుకునేలోపే, నేను చూస్తున్నానని అమ్మ కనిపెట్టింది. ఎడమ చేత్తో కొంగు లాక్కొని ఆ చెయ్యి మీద కప్పేసుకుంది.